టన్నుల లెక్క

మా అబ్బ పామంజి పోలయ్య
స్టీమరు కడుపులో బొగ్గేసేవాడు.
జువ్వలదిన్నె అలల మీద పెరిగినోడికి
సముద్రం కనపడని ఉద్యోగం.

టార్పెడో తగిలిన రాత్రి
పడవలో పదకొండు మంది, ఒకటే పీపా నీళ్లు.
పక్కనే ఇనప వీపొకటి నీళ్లలోంచి లేచింది.
దానిమీద గడ్డం మాసిన జర్మనీ కెప్టెను
వంగి రెండే ముక్కలడిగాడు:
ఓడ పేరేంది? బరువెంత?

ఏడు వేల టన్నులన్నాడు మా దొర.
పుస్తకంలో రాసుకుని
రొట్టెల డబ్బా ఒకటి దించి
పొద్దు పొడిచే దిక్కు చూపించి మునిగిపోయాడు.
మాకు పొద్దు సముద్రంలోంచి పుడుద్ది,
అక్కడ మాత్రం నేల అటేపున్నది.

"చెడ్డోడు కాదురా" అనేవాడు అబ్బ, వల అల్లతా.
నాలుగు కన్నులేశాక
"మంచోడని నేనన్లా."

లక్ష టన్నులు ముంచితే మెడలో శిలువ వేస్తారంట
వాళ్ల దేశంలో.
కావలి హిస్టరీ సారు ఈ మాట చెప్పినరోజు
అబ్బ ఆరిన బీడీ పట్టుకుని
వేళ్లు మడిచాడు:
బొగ్గు, గోనెలు, తేయాకు, ఇనుము...
"కింద ఎనిమిది మంది ఉండిపోయారే,
కలిపారా సార్ వాళ్లని?
ఇసకపల్లి కొమారి జాలయ్య ఉత్త బక్కోడు,
నాలుగు మణుగులుంటాడు, అంతే."

సారు టీ తాగకుండానే లేచాడు.

మొన్న హార్బరులో వంజరాల బుట్ట కాటాకెక్కిస్తే
ముల్లు నలభై అయిదు కిలోల కాడ ఆగింది.
మళ్లీ తూయమన్నా.
ఏజెంటు విసుక్కున్నాడు.
మళ్లీ తూయమన్నా.