దిద్దని ఫొటోలు

గ్యుమ్రీలో, రైల్వేస్టేషన్ దిగువ వీధిలో నా స్టూడియో.
పేరు వర్ద్‌గేస్.
ముప్ఫై ఏళ్ళుగా నా పని
మనుషుల ముఖాల మీంచి మొటిమలు తుడవడం.
మొదట్లో నెగటివ్ మీద, సన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి.
ఇప్పుడు మౌస్‌తో. ఒక నొక్కుకి ఒక మొటిమ.
పెళ్ళికూతుళ్ళకి ఉచితం.

ఫిబ్రవరిలో ఒక పిల్ల వచ్చింది, త్సొవినార్,
కండువా కళ్ళ దాకా చుట్టుకుని.
చలికనుకున్నాను. చలికి కాదు.
"మూడు ఫొటోలు. ఎదురుగా, కుడి, ఎడమ.
ఏదీ చెరపొద్దు."
పాస్‌పోర్టుకా అన్నాను.
"డాక్టరుకి. నెలనెలా ఇదే కుర్చీ, ఇదే దీపం కావాలట.
అద్దం పూటకో మాట చెబుతుందట."

అలా మొదలైంది నా చదువు, యాభై ఎనిమిదో ఏట.

ముక్కు మీది నల్లచుక్కలు మురికి కావు.
నూనే, చచ్చిన చర్మమూ కలిసి
రంధ్రం నోట్లో బిగిసిన బిరడా;
తెరిచిన తలుపు కాబట్టి గాలి తగిలి నల్లబడింది.
తలుపు మూసుంటే అదే తెల్లచుక్క.
సబ్బుతో తోమి తోమి అలిసిపోయిందట.
వాళ్ళ నానమ్మ వోడ్కాతో కూడా తుడిచిందట.

నుదుటి మీద ఎర్రవి, ముట్టుకుంటే చురుక్కుమనేవి.
కొన్నిటికి పసుపు తల, లోపల చీము.
వేలు వాటి మీదికే పోతుంది.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు గానీ
ఇక్కడ గోరే గొడ్డలి.
నా కుడి చెంప చూడండి:
సైన్యంలో, బ్యారక్ చీకట్లో, పగిలిన అద్దం ముక్క ముందు
పంతొమ్మిదేళ్ళ నా పనితనం.
వయసొస్తే అదే పోతుందన్నారు.
వయసొచ్చింది. గుంటలున్నాయి.

దవడ కింద మాత్రం కథ వేరు.
ఎదురు వెలుగులో ఏమీ లేదు.
దీపం పక్కకి జరిపితే నీడలో తేలింది,
చర్మం అడుగున గోళీలా ఒక గడ్డ, పక్కన ఇంకోటి.
తల లేదు, నోరు లేదు, నొప్పి మాత్రం ఉంది.
డిసెంబరు నుంచి ఆ వైపు తిరిగి పడుకోలేదట.
ఆ నీడని పట్టుకున్నాను.
ఈ ముప్ఫై ఏళ్ళలో చెరపకుండా చేసిన మంచి పని అదొక్కటే.

మార్చి.
రాత్రి బఠాణీ గింజంత అడాపలీన్, ముఖమంతటికీ కలిపి అంతే.
మొటిమకో చుక్క పెట్టడం కాదు,
ఇంకా పుట్టని వాటికి కూడా.
పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్.
చర్మం పొట్టు లేచింది, ఎరుపెక్కింది.
"పెరిగిందే!" అన్నాను. నోరు జారింది.
"మొదట్లో అంతేనట," అంది, తనకి తానే చెప్పుకుంటున్నట్టు.
నానమ్మ నీలం తువ్వాలు మీద తెల్లని మరకలు,
మందు రంగు తినేస్తుందని ఎవరూ చెప్పలేదు.
ముసలావిడ వారం మాట్లాడలేదట.

ఏప్రిల్. నుదురు తేటపడింది. దవడ మొండికేసింది.
లోతైనవి గుంటలు మిగిల్చే రకమని, ఇక ఆగకూడదని
డాక్టర్ అరుస్యాక్ పూతలు ఆపించి
ఐసోట్రెటినాయిన్ రాసింది, ముందుగా రక్తం తీయించి.
మాత్రలు వాడినన్నాళ్ళూ, ఆపాక నెల దాకా
గర్భం రాకూడదంది, పక్కనే తల్లి కూర్చుని ఉండగా.
మనసు దిగాలుగా ఉంటే దాచొద్దని కూడా అంది.
"అప్పుడు మా అమ్మ ముఖం తీయాల్సింది మీరు,"
అని మే నెలలో నవ్వింది త్సొవినార్.
నవ్వితే ఎండిన పెదవి చిట్లింది.

మా ఊరి ఇళ్ళు నల్ల టఫ్ రాయివి,
అగ్నిపర్వతం ఊదిన బుడగలన్నీ చిల్లులుగా మిగిలిన రాయి.
ఆ చిల్లుల వల్లే ఇల్లు వెచ్చగా ఉంటుందంటారు మేస్త్రీలు.
ఈ మాట ఆ పిల్లకి చెబుదామనుకున్నాను.
చెప్పలేదు.
పదిహేడేళ్ళ ముఖానికి రాయితో పోలికేమిటి.

అక్టోబరులో కండువా మెడలోనే ఉంది.
దీపం కుడికి జరిపాను, ఎడమకి జరిపాను,
నీడ దొరకలేదు.
రెండు చిన్న గుంటలు మాత్రం.
"ఇంకోటి తీయండి, కాలేజీ కార్డుకి," అంది.
అలవాటు కొద్దీ చెయ్యి మౌస్ మీదికి పోయింది.
తెర దగ్గరకి వంగి చూసింది.
"గుంటలుండనివ్వండి, అవి నావి.
గడ్డం మీద నిన్న లేచిన ఆ ఒక్కటీ తీసేయండి,
ఎలాగూ వారంలో పోయేదే."

ఒక నొక్కు.
డబ్బులు తీసుకున్నాను.
పెళ్ళికూతురు కాదు కదా.