తట్టి కొన్నది

మాలకొండయ్య అని పేరు పెట్టి
కొండెక్కొద్దంటే ఎట్టా?

పన్నెండు వేల మూడొందలు.
పాలిషింగు షెడ్డులో ఎనిమిది నెలల నైట్ డ్యూటీలు,
రాతి బురద ఆరి తెల్లబడిన పిక్కలు,
పాత ఫోను అమ్మితే వచ్చిన పద్నాలుగొందలు,
అన్నీ కలిపి, మడతపెట్టి,
జేబుకి పిన్నీసు.

ఒంగోలులో అద్దాల షాపు.
ముందొక స్ప్రింగు, నడుమొక స్ప్రింగు,
నిప్పురంగు చారలు, ఇరవయ్యొక్క గేర్లు.
'కూర్చో తమ్ముడూ, సోఫా!'
కూర్చున్నా. నిజంగా సోఫానే.
తొక్కితే నా బలంలో సగం ఆ స్ప్రింగే మింగింది.
రామతీర్థం ఎగువకి సోఫాని మోసేదెవరు?

రెండో షాపులో అసలు సిసలుది.
ధర చీటీ చదివాక
చెప్పులు బయట విడిచి రావాల్సిందేమో అనిపించింది.

లాయరుపేట సందులో ఖాజా రహంతుల్లా షెడ్డు.
పంటి కింద స్పోకు పెట్టుకునే అడిగాడు:
'ఏం చేస్తావు దీంతో?'
'కొండదారుల్లో తిరగాలి. క్వారీ గుట్టల మీంచి దూకాలి.'
స్పోకు కిందపడేలా నవ్వాడు.
'అవ్వా కావాలి, బువ్వా కావాలి!
అదీ పన్నెండు వేలకి!
దూకేదానికి పొట్టిది, మొండిది ఉండాలబ్బయా.
తిరిగేదానికి తేలికది, సాగినది.
నీ డబ్బుకి రెంటి నడుమ రాజీ దొరుకుద్ది, అంతే.
గేర్లు లెక్కబెట్టబాక, రేపు మార్చుకోవచ్చు.
ఫ్రేము మార్చలేవు,
నీ నడుమూ మార్చలేవు.'

పట్టా ఎత్తి రెండు చూపించాడు.
ఒకటి నీలంది, కొత్త స్టిక్కర్లతో కళకళగా.
ఇంకోటి ఏ రంగో చెప్పలేం,
వెనక స్ప్రింగు లేదు, ఎనిమిది గేర్లలో రెండు జారతాయి,
ముందు ఫోర్కు మాత్రం ఎవరో మోజుపడి వేయించింది.

మా నాయన బ్లాకు కోతకి పంపేముందు
సుత్తితో తట్టి చెవి ఆనిస్తాడు.
గంటలా మోగితే రాయి.
గొంతు బొంగురుపోతే లోపల నెర్రె.
లక్షల రాయికైనా అదే పరీక్ష.

ఖాజా పెట్టెలోంచి స్పానరు తీసుకున్నా.
నీలందాని నడుమ తట్టా, మోగింది.
సీటు కింద, మోగింది.
మెడ దగ్గర, స్టిక్కరు మీద,
డబ్.

గోటితో స్టిక్కరు గీకాడు ఖాజా.
వెల్డింగు పక్కన వెంట్రుకంత గీత.
కాసేపు మాట్లాడలేదు.
తెలిసే అమ్మబోయాడో, తెలియకో,
నేనడగలేదు.
రంగులేని దానికి ఐదొందలు తగ్గించాడు.

చీమకుర్తిలో తెల్లారకముందే
సర్కారుతుమ్మల మధ్య సన్నదారి.
ముళ్లు చొక్కాలో సగం ఉంచుకున్నాయి.
వ్యర్థపు రాళ్ల గుట్ట మీంచి మొదటి దూకు.
ఫోర్కు అడుగంటి ఠంగుమంది,
అరచేతులు మధ్యాహ్నం దాకా నావి కావు.
సాయంత్రం ఫోను చేస్తే ఖాజా:
'వెనక స్ప్రింగు లేకపోతే ఏందిరా,
మోకాళ్లు లేవా నీకు? సీటు దించు.'

సీటు దించా. మోకాళ్లు వంచా.
రెండోరోజు గుట్ట అంచు
చక్రాల కింద ఉన్నట్టుండి లేకుండా పోయింది.
ఎంతసేపో చెప్పలేను.
ఒక క్రేను ఆగి మళ్లీ మొదలైనంత.
కింద నల్లరాతి ముక్కల్లో చుక్కలు
ఎండని పట్టుకుని కూర్చున్నాయి.
వాటిమీద నా నీడకి
రెండు చక్రాలు, ఒక తల.

దిగా. మూడో గేరు జారింది.

కాటా దగ్గర క్యారేజీ పట్టుకుని నాయన.
ఎప్పట్నుంచి చూస్తన్నాడో.
దగ్గరికొచ్చి వేలి కణుపుతో
ఫ్రేము మెడ మీద ఒకసారి తట్టాడు.
చెవి వంచాడు.
'రాత్రి డ్యూటీకి ఆలస్యం చేయబాక' అని
రాళ్లలోకి పోయాడు.

బ్రేకు ప్యాడ్లకి ఇంకా ఆరొందలు కావాలి.