ఉలవల బాకీ

పది రూపాయల టిక్కెట్టు.
మడత పెడితే బొటనవేలి గోరంత.
మూడు లాంతర్ల దగ్గర ఆటో దిగి
ఎండలో నడిచొచ్చాను.
గేటు దగ్గర గేదెల సూరిబాబు
తన ఇంటిపేరు మీద తనే జోకేసుకుని నవ్వి
"లోపల గుర్రాల్లేవు మేడమ్, గోడలే" అన్నాడు.

గోడలే చాలు.

ముప్పై రెండు గదులు, గదికో కమాను,
కమాను కింద రాతితొట్టి.
ఎన్ని గడ్డాలు ఎన్నాళ్ళు రాసుకుంటే
రాయి అంచు ఇంత నున్నబడుతుందో.
గోడలో ఇనుప కొంకి. దాని కింద తుప్పు
కన్నీటి చారలా... అనబోయి ఆగాను.
తుప్పు తుప్పే.

అద్దాల పెట్టెలో వెండిపూత జీను,
ఒక్కటే రికాబు, రెండోది ఎవరింట్లో ఉందో.
పక్కన గుర్రాల పేర్లు చెక్కిన పలక:
మబ్బుపిట్ట. శరభం. చినదొరసాని. పంచకల్యాణి.
ఏ గుర్రం నుదుట ఎన్ని సుడులో
ఏ సుడి ఏలికకు మేలో
ఏ సుడి ఇంటికి అరిష్టమో
అన్నీ రాశారు.
తోమిన చేతులకు పేర్లు లేవు.
లాడాలు కొట్టిన మదారు సాయిబు లేడు.
తవిటమ్మ లేదు.

తవిటమ్మ మా అమ్మమ్మ.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
నాలుగో పిల్లను పొరుగింటికి చేటెడు తవుడుకి అమ్మేసి
పొద్దుగూకే వేళకు మళ్ళీ తెచ్చుకున్నారట.
ఆ పిల్ల పెద్దదై
కొండకరకాం నుంచి తెల్లారకముందే
మంచు కారుతున్న గడ్డిమోపు నెత్తినెట్టుకుని
ఈ గేటు దాకా వచ్చేది.
గేటు దాకానే.
ఇదిగో, సూరిబాబు కుర్చీ వేసుకున్న చోటే
మోపు దించి, అణా అందుకుని, వెనక్కి.

గుర్రానికి రోజుకు అడ్డెడు ఉలవలు.
పలక మీద ఆ లెక్క పక్కాగా ఉంది.
లెక్కలో లేనిది చారెడు:
ఉడికిన వేడి చల్లారకుండా
మదారు సాయిబు చేతి మీదుగా
ఆమె తలపాగా చుట్టలో దూరి
ఊరికి నడిచొచ్చిన చారెడు గుగ్గిళ్ళు.
మా అమ్మా, ఇద్దరు మావయ్యలూ
గుర్రం నోటి ముందరి కూడు తిని బతికారు.
అందుకేనేమో మా ఇంటిల్లిపాదికీ
ఒకచోట నిలబడటం చేతకాదు.
నిద్రలో కూడా కాళ్ళు కదుపుతాం.

"దొంగతనం కాదేటే మామ్మా?" అని అడిగేను చిన్నప్పుడు.
పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ
"సాయిబు తీసీటప్పుడు
ఆ పంచకల్యాణి తల అవతలికి తిప్పీసుకునీదట.
ఒక్కపాలైనా అరవనేదట.
అది అరిస్తే నాను తిననేకపోదును" అంది.

లోపల ఎవరి పిల్లో అడుగుతోంది:
గుర్రాలన్నీ ఏమయ్యాయి?
"కార్లొచ్చాయి పాపా" అంటున్నాడు సూరిబాబు.
అది నిజమే. కానీ సగం.
కార్లొచ్చాక పంచకల్యాణి
రైలు స్టేషన్ జట్కాకి పోయింది.
పేరు తప్ప ఏనాడూ చూడని ఆ గుర్రాన్ని
నాలుగు తెల్లని కాళ్ళూ, నుదుటి మచ్చా పట్టి
పోల్చుకుందట తవిటమ్మ.
పక్కటెముకలు లెక్కపెట్టొచ్చట.
ఆ రోజు మోపు అమ్మలేదు.
రైలు రెండు సార్లు కూసి వెళ్ళిపోయేదాకా
అది తింటుంటే చూస్తూ నిలబడిందట,
నిలబడటం రాని మనిషి.

చేతిసంచి అడుగున చిన్న గుడ్డమూట.
నిన్న సంతలో కొన్నవి.
పన్నెండో గదిలో తొట్టి మీదికి వంగి
ముడి విప్పాను.
రాతి మీద ఉలవలు రాలిన చప్పుడు
నేననుకున్న దానికన్నా పెద్దది.
కమానులన్నీ విన్నాయి.

"బయటి తినుబండారాలు నిషేధం"
నా తల వెనకే బోర్డు.
సూరిబాబు చూశాడు.
రూలు ప్రకారం అరవాలి.
తల అవతలికి తిప్పుకుని
రోడ్డు మీద పోతున్న నెల్లిమర్ల బస్సు నంబరు
పైకి చదవడం మొదలెట్టాడు.