గుండు, బద్ద, ముక్క

కాశీబుగ్గలో మా సెంటర్‌కి సరైన గోడలు మూడే.
నాలుగోది గోనెపట్టా.
దానికవతల జీడి బట్టీ పొగ,
ఇవతల ఇరవైరెండు మంది పిల్లలు, నేనూ, ఆయా తవిటమ్మా.

డిల్లేసు జూన్‌లో చేరాడు.
ఆగస్టు దాకా ఒక్క మాట లేదు.
గుడ్డు పెడితే తింటాడు, పాట పాడితే వింటాడు,
పేరు పెట్టి పిలిస్తే తన చెప్పుల వైపు చూస్తాడు.
"ఈ గుంటడికి నోరు నేదేటమ్మా?" అంది తవిటమ్మ.

శ్రీకాకుళం ట్రైనింగ్‌లో ఒక మేడం
బోర్డు మీద మెదడు బొమ్మ గీసింది.
మా పలాసవాళ్ళందరికీ అది జీడిపప్పులాగే కనపడి
వెనక బెంచీలో నవ్వాం. ఆవిడా నవ్వింది.
"జీడితోటలో కాలిబాట ఎవరేశారు?" అనడిగింది.
"ఎవరూ వెయ్యలేదు మేడం, నడిచారు."
"లోపల కూడా అంతే.
పిల్లలు పరిగెత్తిన చోట దారి పడుతుంది,
కదలకుండా కూర్చోబెట్టిన చోట గడ్డి మొలుస్తుంది."
నోట్సులో రాసుకున్నాను.
నిజం చెప్పాలంటే, డిల్లేసు దగ్గర
చాలా రోజులు నాకు గడ్డే కనపడింది.

ఒక గురువారం, వాన.
తవిటమ్మ చారు కోసం పిసికి పారేసిన చింతపిక్కలు
కడిగి, ఆరబెట్టి, వాడి ముందు పోశాను.
(జీడిపిక్కలు ఇవ్వను. తొక్కలో నూనె ఉంటుంది, కాలుతుంది.)
వాడు పెద్దవి ఒక పక్కకి నెట్టాడు,
చీలినవి ఇంకో పక్కకి,
నలిగినవి గోడ వారకి.
వేలు పెట్టి చూపిస్తూ
"గుండు. బద్ద. ముక్క" అన్నాడు.
తవిటమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆనక రోజూ బట్టీయే.
ఇటుక ముక్క తూకంరాయి. డిల్లేసు సేటు.
లిఖిత్ పొయ్యి, బుస్సు బుస్సుమనడమే వాడి ఉద్యోగం.
మోక్షిత కూలీ.
"బూడిద రాసుకో, సెయ్యి కాల్తాది" అంటాడు సేటు.
ఏడు దాకా లెక్కపెడతాడు,
ఏడు తర్వాత వాడికి పదకొండే.

వాళ్ళమ్మ దాలమ్మ వచ్చిన రోజు
నేను ఇవన్నీ సంబరంగా చూపించబోయాను.
ఆమె వేళ్ళ చివర్లు నల్లగా, పొరలు పొరలుగా.
"పక్కీదిలో కాన్వెంటోలు
అచ్చరాలన్నీ రాయించేత్తన్నారు.
మీరేమో నా కొడుకు సేత జీడి ఏరిత్తన్నారు.
ఈ సేతులు సాలవేటి మా ఇంటికి?"

నా నోట్సులో దారి ఉంది, గడ్డి ఉంది.
దీనికి జవాబు లేదు.

పిల్లలు మా మాటలు పట్టించుకోలేదు.
తూకం అయిపోయింది.
డిల్లేసు మూడు ఆకులు లెక్కపెట్టి
మోక్షిత చేతిలో పెట్టాడు.
"ఎల్లిపో. బేగి ఎల్లిపో.
నీ కొడుకు గుమ్మంలో కూకున్నాడు."
"ఇంకా ఒక సంచీ ఉంది కదా" అంది మోక్షిత.
"రేపు. సెప్తన్నాను కదా, రేపు."

దాలమ్మ నిలబడ్డ చోటే కూర్చుంది.
చాలాసేపు చేతులు కొంగులో దాచుకుంది.
తర్వాత ఒక చెయ్యి బయటికొచ్చి
బద్దల కుప్పలోంచి ఒక పిక్క తీసి
గుండుల్లో వేసింది.
"ఇది పగల్లేదురా. సూడు."
వాడు చూశాడు. తిప్పి చూశాడు.
సేటు ఒప్పుకున్నాడు.

మర్నాడు ఆమె వాడికి కొత్త పలక కొనిచ్చి పంపింది.
మధ్యాహ్నానికల్లా
అది తూకం పళ్ళెం అయింది.