హుక్కులు

అల్వాల్‌లో రైలు గేటు దాటాక రెండో సందు.
నాలుగంతస్తుల మేడ, మెట్ల పక్కన వాలుబాట,
రెయిలింగ్ మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు.

మెర్సీ సిస్టర్ ఫారం నా ముందుకు జరిపింది.
"కింద, తమ పని తాము చేసుకునేవాళ్ళు.
మొదటి అంతస్తు, స్నానానికీ మందులకీ ఒక చెయ్యి కావాల్సినవాళ్ళు.
రెండోదాంట్లో తలుపులు లోపల్నించి తెరుచుకోవు."
మూడోది నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు.
పైనెక్కడో సిలిండర్ దొర్లిన చప్పుడు.

అంతస్తుకో ధర.
కిందికీ మొదటిదానికీ మధ్య పదకొండు వేలు.

లేచి నడుస్తారా? నడుస్తుంది.
తనే తింటారా? తింటుంది.
ఇవాళ ఏం వారం, అమ్మా?
"మంగళారం. బోనాలకు పన్నెండు రోజులే ఉంది,
జాకెట్లన్నీ ఇచ్చెయ్యాలె."
సిస్టర్ నవ్వింది. నేను నవ్వలేదు.
దుకాణం తీసేసి ఆరేళ్ళు.

బట్టలు తనే వేసుకుంటారా?

ముషీరాబాద్ చేపల మార్కెట్ వెనక
అండాలు లేడీస్ టైలర్, నలభై ఏళ్ళు.
జాకెట్టుకి ఆరు హుక్కులు, లెక్క మీరే కట్టుకోండి.
పెళ్ళికూతుళ్ళకి, బాలింతలకి,
ఒక రొమ్ము తీసేసిన రాజ్యలక్ష్మి టీచరుకి
లోపల దూది పెట్టి, మూడో కంటికి తెలీకుండా.
మెడలో టేపు ఉన్నంతసేపూ
అమ్మ ఎవరి మొహంలోకీ చూసేది కాదు.

'వేసుకుంటుంది' అని రాయబోయాను.
పెన్ను మీద చెయ్యి పడింది,
సూది మచ్చల వేళ్ళు, చివర్న వణుకు.

"తప్పు కొలతిస్తే ఎవరికి బిగుతయితది బిడ్డా?
రెండు నెలలాయె, హుక్కు పడ్తలేదు.
రాదని రాయి."

పైట కొంచెం జరిపింది.
ఆరింటికి ఒక్కటే హుక్కు.
మిగతా అన్నిచోట్లా పిన్నీసులు, వంకరగా,
ఒకటి తుప్పు పట్టి.
ప్రతి ఆదివారం వస్తాను నేను. ప్రతి ఆదివారం
ఎదురుగా కూర్చుని టీ తాగుతాను.

మొదటి అంతస్తులో జుబేదా అనే అమ్మాయి
ఏమీ అడక్కుండా పిన్నీసులు తీసి గిన్నెలో వేసింది,
కిందనుంచి పైకి హుక్కులు పెట్టింది.
అమ్మ చూపు ఆ పిల్ల చంక కింద ఆగింది.
"కుట్టు ఊడింది చూస్కున్నవా? రేపు సూది పట్కరా.
దారం మాత్రం నువ్వే ఎక్కియ్యాలె."

వాళ్ళిద్దరూ దారం రంగు గురించి మాట్లాడుకుంటున్నారు.
నేనింకా
ఆ పదకొండు వేల దగ్గరే ఉన్నాను.