నాలుగో సెకను

కో-పైలట్‌కి జ్వరం.
ఆ పొద్దున ఖాళీగా దొరికినవాడు హానుస్.
కుడి సీట్లోకి నడుం వంచుతూ
"ఇటు కూర్చుని పదకొండేళ్లయింది" అన్నాడు.

సీనియారిటీ జాబితాలో అతను మూడు, నేను నలభై నాలుగు.
నన్ను కెప్టెన్‌ని చేసిన కాగితం మీద సంతకం అతనిది.
ఇవాళ్టి కాగితం మీద మాత్రం
విమానం నాది.

మా దీవుల్లో "మీరు" అనే మాట ఎప్పుడో వాడుక తప్పింది.
మంత్రినైనా పాస్టర్‌నైనా నువ్వనే అంటాం.
మరి మర్యాద ఎక్కడికి పోతుంది?
చేతుల్లోకి దిగుతుంది.
తలుపు దగ్గర ఆగి అతన్ని ముందు పోనిచ్చాను.
కాఫీ అతనికే ముందు.
"లాండింగ్ నువ్వే చెయ్యి" అన్నాను,
పెద్దపీట వేశాననుకుని.
నేను లేచి పక్కకి తప్పుకున్నానని తెలియలేదు.

వాగర్ దగ్గర, కొండల సందులో,
గాలికి ఒక మాట మీద నిలబడే గుణం లేదు.
గొర్రెలకి తెలుసు. ముందే రాళ్ల చాటుకి చేరాయి.
ఆరువందల అడుగులు.
థ్రస్ట్ లీవర్ల మీద అతని ఎడమచెయ్యి, అలవాటు తప్పిన చెయ్యి.
వేగం ఒక్కసారిగా పద్దెనిమిది నాట్లు జారింది.

అతను చూశాడు.
అతను చూశాడని నేను చూశాను.
అంత అనుభవం, చెబుతాడులే అనుకున్నాను.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఇమిడాయి.
ఒకదానికొకటి తగలకుండా, చప్పుడు లేకుండా,
ఎంత పొందికగా ఇమిడాయంటే
ఏదీ బయటికి రాలేదు.

వెనక డెబ్బై ఒక్కమంది.
ఎవరి బిడ్డదో ఏడుపు మా తలుపుదాకా.

అప్పుడు ప్యానెల్లోంచి ఆ గొంతు:
విండ్‌షియర్. విండ్‌షియర్.
దానికి వయసు లేదు, జాబితాలో నంబరు లేదు,
ఎవరి సంతకానికీ రుణపడి లేదు.

"పైకి!" అన్నాం ఇద్దరం,
పాఠం అప్పజెప్పడం మరిచి, అందించగానే అరిచే పిల్లల్లా.
ముక్కు లేచింది.
కింద సరస్సు ఒక్క క్షణం తళుక్కుమని మబ్బులో మునిగింది.
"తీసుకో" అన్నాడు.
"తీసుకున్నాను."
బెర్గెన్ దాకా ఇక రేడియోతోనే మాటలు.

బెర్గెన్‌లో వాన.
కాఫీ మరకల బల్ల మీద రిపోర్టు ఫారం.
ఆలస్యం ఎంత? ఎవరి వల్ల?
అతని జేబులోని పెన్నుతోనే
నా పేరు రాశాను: రన్వా.
మూడు సెకన్లు, అని వేశాను.

హానుస్ కళ్లజోడు సర్దుకుని చదివాడు.
"మూడు కాదు, నాలుగు" అన్నాడు.
"నేను లెక్కపెడుతూనే ఉన్నాను."

దిద్దాను.
పెన్ను అతని ముందుకు తోశాను.
"అయితే నీ పేరు కూడా రాయి."

అడగలేదు.
చెప్పాను.