మూడు చెంచాల లెక్క

జ్ఞానాపురంలో మా గోడా వాళ్ళ గోడా ఒకటే.
సగం ఇటుక మందం.
ఇటు నేను, పక్కకి తిరిగి, వాడి నోటికి రొమ్మందిస్తూ.
అటు జసింత, డబ్బా మూత తీస్తూ.

రాత్రి రెండింటికి బొగ్గు వేగన్లు పోర్టు వైపు పోతాయి.
కిటికీ ఊచలు కాసేపు వణికి ఊరుకుంటాయి.
అప్పుడు వినిపిస్తుంది
డబ్బా అంచుకి చెంచా ఆనించి పొడి చదును చేసిన చప్పుడు.
టక్.
ఇంకో టక్.
ఇంకోటి.
తొంభై మిల్లీలీటర్లకి మూడు.
ఆ లెక్క నాకెవరూ చెప్పలేదు, గోడే నేర్పింది.

నాకు నచ్చదు.
దాచుకోవడం దేనికి, నచ్చదు.
నెలన్నర పిల్లకి సీసా పట్టడం నచ్చదు,
ఆ సీసాలు కడిగి కిటికీలో బోర్లించడం అస్సలు నచ్చదు.
మా వీధిలో కిటికీ గట్టంటే
పొద్దున తుడిస్తే సాయంత్రానికి
నల్లపొడిలో వేలితో పేరు రాయొచ్చు.

ఓసారి అనేశాను కూడా.
కుళాయి దగ్గర, బిందె నిండేలోపు.
"పాలు రాకపోవడమేంటి జసింతా,
పట్టిస్తూ ఉంటే అవే వస్తాయి. ఓపికుండాలి గానీ."
తను బిందె నిండకుండానే ఎత్తుకుంది.
జాకెట్టు ఎడమవైపు తడి.
నీళ్ళ తడో, మరే తడో,
చూసీ చూడనట్టు
నా బిందె కుళాయి కిందికి తోశాను.

డాబాగార్డెన్స్‌లో చీరల కొట్టు.
నలభై అయిదు రోజులే సెలవు.
పదింటి నించి రాత్రి తొమ్మిదిదాకా నిలబడే పని,
స్టూలు కూడా వెయ్యరట.
ఇదంతా నాకు ముందే తెలుసు.
తెలిసే అన్నాను.

మా అత్త వచ్చిన వారం
ఉగ్గుగిన్నెలో వాము నీళ్ళు కలిపింది,
వేలికి తేనె రాసి వాడిచేత నాకించింది.
వద్దని డాక్టరమ్మ రాసిన చీటీ ఫ్రిజ్ మీదే ఉంది
చేపబొమ్మ అయస్కాంతం కింద.
నేను కూర తరుగుతూ ఉండిపోయాను.
అత్త ముందు పెగలని నోరు
కుళాయి దగ్గర ఎక్కణ్ణించి వచ్చిందో.

మొన్న మంగళవారం రాత్రి
టక్. టక్. టక్.
ఆగి, చాలాసేపాగి,
నిద్రలో తూలినట్టు
నాలుగోది.

నాకేం. వాళ్ళ బిడ్డ, వాళ్ళ డబ్బా.
నా వాడు ఒక కన్ను తెరిచి
నన్నే చూస్తూ చప్పరిస్తున్నాడు.
చేతికి గాజులున్నాయి, ఎదురుగా గోడ ఉంది.
రెండుసార్లు కొట్టాను.

అటు అంతా ఆగిపోయింది.
కాసేపటికి తూములోకి ఏదో పారబోసిన చప్పుడు
(అంత ఖరీదు పెట్టి కొన్నది),
గిన్నె, అగ్గిపుల్ల, నీళ్ళు మళ్ళీ కాగడం.
టక్.
టక్.
టక్.
మూత నొక్కింది, గట్టిగా.
నాకు వినపడాలనే అనుకుంటా.

పొద్దున ఒకే తీగ మీద ఇద్దరం గుడ్డలారేస్తున్నాం.
ఏదో ఒక మంచిమాట అంటుందని,
నిజం చెప్పొద్దూ, ఎదురుచూశాను.
క్లిప్పు పళ్ళమధ్య పెట్టుకునే అంది:
"మీవోడు ఒంటిగంట కాడ తెగ ఏడిసేడక్కా.
వారం నించీ ఇంటన్నాను.
పాలు సాల్తన్నట్టు లేవు.
ఓ పూట డబ్బాపాలు పట్టొచ్చు కదా,
మరీ అంత మొండైతే ఎలాగ?"

ఒళ్ళు మండిపోయింది.
ఆరు కిలోల రెండొందలు నా కొడుకు,
టీకాల కార్డు తెచ్చి మొహాన పెడదామనుకున్నాను.
పెట్టలేదు.
ఒక్కో గుడ్డా రెండేసిసార్లు దులిపి ఆరేశాను.

ఇప్పటికీ నాకు నచ్చదు.
తనకీ నచ్చదు.
వేగన్లు వెళ్ళాక
మూడోది పడేదాకా నాకు నిద్ర రాదు.
మా వాడు రాగం అందుకుంటే మాత్రం
చెవి దగ్గర నోరు పెట్టి చెబుతాను:
ఒరే, మెల్లగా ఏడవరా,
అటు వినేవాళ్ళున్నారు.